రెండవ పిడికెడు



అపొస్తలుడైన పౌలు తిమోతికి వ్రాసిన రెండవ పత్రికలో, మొదటి అధ్యాయములోనే ఒక అవ్వ పేరు కలదు. ఆమె పేరు లోయి. తిమోతికి గల విశ్వాసము మొదట ఆ అవ్వలోను, తరువాత అతని తల్లియైన యునీకేలోను ఉండెనని పౌలు జ్ఞాపకము చేసికొనెను. అంతకుమించి లోయిని గూర్చి మనకేమియు తెలియదు. ఆమె ఎవరి ఇంటికి నీళ్లు మోసెనో, ఎవరి బిడ్డకు స్నానము చేయించెనో, మనుమని ఒడిలో కూర్చుండబెట్టుకొని ఏమేమి చెప్పెనో ఎవరును వ్రాసిపెట్టలేదు. ఒక్క పేరు మాత్రము మిగిలినది.

మన సంఘముల చరిత్రయు అట్లే యున్నది. ఒంగోలు మిషను కథ చెప్పువారందరు క్లౌ దొరగారి పేరు చెప్పుదురు. తాళ్లకొండపాడు పేరయ్యగారి పేరు చెప్పుదురు. పేరయ్యగారి భార్య నాగమ్మగారి పేరు చెప్పువారు తక్కువ. ఇక పల్లె పల్లెలో దీపమునకు నూనె పోసి, గుడి ఊడ్చి, రోగుల ప్రక్కన రాత్రులు మేలుకొన్న అవ్వల పేర్లు బాప్తిస్మపు రిజిష్టరులో ఒక్క వరుసలో నుండును, అంతే.

నేను మీకు చెప్పబోవునది అట్టి ఒక అవ్వను గూర్చి. ఆమె మా అమ్మను కన్న తల్లి. పల్లెలో పెద్దలు పిన్నలు అందరును ఆమెను అవ్వ అనియే పిలిచిరి. మీరును అట్లే పిలువుడి. ఆమెను పొగడుటకు మాత్రమే నేను కలము పట్టలేదు. ఆమె యెడల నేను చేసిన తప్పు ఒకటి కలదు. అది దాచి, ఆమెను గూర్చి ఎంత మంచి వ్రాసినను సగము అబద్ధమే యగును.

మా పల్లె మార్కాపురమునకు పడమట, నల్లమల కొండలు నీలముగా కనబడు మెట్ట ప్రాంతములో నున్నది. మార్కాపురము, కంభము, గిద్దలూరు 1970వ సంవత్సరము వరకు కర్నూలు జిల్లాలోనివి. ఆ యేట అవి క్రొత్తగా ఏర్పడిన ఒంగోలు జిల్లాలో చేరెను. 1972లో ఆ జిల్లాకు ప్రకాశం అను పేరు వచ్చెను. జిల్లా పేరు ఏదైనను మా వాన మారలేదు. వాన పడిన యేడు జొన్న, సజ్జ, కొర్ర. పడని యేడు కూలికి వలస. వరి అన్నము పండుగనాటి మాట. కంభం చెరువు క్రింద వరి పండెడిది గాని ఆ మళ్లు మావి కావు. మేము కోతకు పోవువారము, కోత ముగిసిన తరువాత పరిగె యేరుకొనువారము. రూతు కథ మాకు ఎవరును విడమరచి చెప్పనక్కరలేదు.

అవ్వ ఏ యేట పుట్టెనో ఆమెకు తెలియదు. ఆమె తల్లి మాత్రము ధాత కరువులో చంటిబిడ్డ. 1876 మొదలు 1878 వరకు మద్రాసు రాజధానిని పీడించిన కరువును మన పెద్దలు అట్లు పిలిచిరి. అప్పుడు పేదలకు పని కల్పించుటకై సర్కారువారు బకింగ్‌హాం కాలువ త్రవ్వించుచుండిరి. క్లౌ దొరగారు అందులో సుమారు మూడున్నర మైళ్ల పనిని కంట్రాక్టుకు తీసికొని, పల్లెల నుండి ఆకలితో వచ్చినవారికి ఆ పని ఇచ్చిరి. అవ్వ తల్లిని ఆమె తలిదండ్రులు గంపలో పెట్టుకొని, కొండల ప్రక్క నుండి సముద్రము ప్రక్కకు నడిచిపోయిరట. దారిలోనే పిల్ల ఏడ్చుట కూడ మానివేసెనట. కాలువ గట్టున ఎవరో ఒక కూలిమనిషి, తాను వండుకొనబోవు గింజలలో నుండి ఒక పిడికెడు తీసి, గంజి కాచి ఆ పిల్ల నోట పోసెనట. ఆమె పేరేమో, ఏ ఊరిదో ఎవరికిని తెలియదు. పిల్ల బ్రదికెను.

“ఆ పిడికెడు గింజలే మనమంతా” అని అవ్వ చెప్పుచుండెడిది.

కరువు సాగుచున్నంత కాలము, గింజల ఆశతో వచ్చుదురేమో యని దొరగారు బాప్తిస్మములియ్యక ఆపిరి. సహాయపు పనులు ఆగిన తరువాత 1878 జూలై 3వ తేదీన, వెల్లంపల్లి యొద్ద గుండ్లకమ్మలో ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఆ గుండ్లకమ్మ మన నల్లమలలో పుట్టి, కంభం చెరువును నింపి, తూర్పుగా పోవు నదియే. అయినను గంజికి కలిసినవారను ఎత్తిపొడుపు మన పెద్దలను విడువలేదు. చిన్ననాట నేను ఊరిలో ఆ మాట విని యేడ్చుచు ఇంటికి వచ్చితిని. అవ్వ నన్ను ఓదార్చలేదు. చాటలో జొన్నలు చెరుగుచునే ఇట్లనెను:

“తాగినాం. మా అమ్మ తాగింది గాబట్టే బతికింది. తాగలేదని ఎందుకు చెప్పాల? తాగిన గంజి బాకీ. తీర్చుకుంటా పోవాల, అంతే.”

ఈ బాకీ అను మాటను జ్ఞాపకముంచుకొనుడి. దీనిని నేను తప్పుగా అర్థము చేసికొన్న సంగతి తరువాత చెప్పెదను.

తాత కపిలబానలును చెప్పులును కుట్టువాడు. తోలు బానతో బావి నీళ్లు తోడిన కాలమున రైతులకు తాతతో పని యుండెను. బావులకు ఆయిలు ఇంజన్లు వచ్చిన తరువాత ఆ పని పోయెను. అప్పుడు తాతయు, మా మేనమామయు పలకల గనికి పోయిరి. మార్కాపురము పలకల మీద దేశమంతట పిల్లలు అక్షరములు దిద్దిరి. ఆ రాతిని పగులగొట్టి, కోసి, నున్నజేసినవారి రొమ్ములలో ఆ దుమ్ము నిలిచిపోయెను. తాత ముందుగా పోయెను. మామ దగ్గుతో చాల యేండ్లు మంచము పట్టియుండెను. మా అమ్మ నా తమ్ముని కనిన మూడవ నెలలో మరణించెను. మా నాయన వేరు కాపురము పెట్టుకొనెను. ఆ దినము మొదలు నేనును తమ్ముడును అవ్వ బిడ్డలమైతిమి.

తొలికోడి కూయకముందే ఆమె తిరగలి దగ్గర కూర్చుండెడిది. ఆమెకు పెద్ద ప్రార్థనలు రావు. తిరగలి త్రిప్పుచు, పల్లెలోని ఇండ్ల వరుస చొప్పున ఒక్కొక్క ఇంటివారిని దేవునికి చెప్పుకొనుచుండెడిది. ఈ ఇంట జ్వరము, ఆ ఇంట తప్పిపోయిన గొడ్డు, ఆ చివరి ఇంట త్రాగి కొట్టు మగడు. నేను నిద్రమంపులో వినుచుంటిని. పిండి అయిపోవునప్పటికి పల్లె చివరకు వచ్చెడిది. ఇంకను ఇండ్లు మిగిలియున్నయెడల వట్టి తిరగలి త్రిప్పుట కూడ నేను చూచితిని.

తరువాత నీళ్లు. మన ప్రాంతపు నీళ్ల సంగతి మీకు తెలియును. పండ్లు పసుపుబారి, నడుములు వంగినవారు ఈ పడమటి పల్లెలలో ఎందరో కలరు. అది నీళ్లలోని ఫ్లోరైడు వలన కలుగు కీడని తరువాతి కాలమున తెలిసినది. అవ్వకు ఆ పేరు తెలియదు. కాని దగ్గరి బావి నీళ్లు త్రాగు ఇండ్ల పిల్లల పండ్లు చూచి, ఆ నీళ్లు మంచివి కావని ఆమెకు తోచెను. అందుచేత దూరపు వాగులో చెలమ త్రవ్వి నీళ్లు తెచ్చెడిది. ఒక కడవ మాకు, ఒక కడవ కండ్లు కనబడని ఒక ముసలాయనకు.

ఇక దుత్తల సంగతి. వంటకు గింజలు కొలుచునప్పుడు పిడికెడు తీసి దేవుని కొరకు దాచు వాడుక మన సంఘములలోని స్త్రీలందరు ఎరిగినదే. చాలమంది ఇంటికి కొలిచిన తరువాత తీయుదురు. అవ్వ మొదటి పిడికెడు దుత్తలో వేసిన తరువాతనే ఇంటికి కొలిచెడిది. పైగా ఆమెకు మూడు దుత్తలు. ఒకటి జొన్నలకు, ఒకటి సజ్జలకు, ఒకటి కొర్రలకు. మొదట అన్నియు ఒక్కదానిలోనే వేసెనట. ఒక దినము పాస్టరమ్మగారు ప్రొద్దంతయు అరుగు మీద కూర్చుండి ఆ కలిసిన గింజలను వేరుచేయుట చూచి సిగ్గుపడెనట. “ఇచ్చేదిచ్చి, తీసుకునేటోళ్లకు పని పెట్టకూడదు అమ్మీ” అని నాతో చెప్పెను. ఈ మాట విలువ, తరువాత ఎన్నో కమిటీలలో కూర్చుండిన పిమ్మట నాకు తెలిసినది.

ఆదివారమున ఆ గింజలు స్త్రీల సమాజమునకు చేరెడివి. కొంత పాస్టరుగారి ఇంటికి, కొంత లేమిగల ఇండ్లకు. మిగిలినది అమ్మి దీపమునకు నూనె కొనెడివారు. సమాజపు లెక్క ఒక పెద్దమ్మ చేతిలో నుండెను. ఆమె లెక్కల పుస్తకము ఒక పలక. బలపముతో గీతలు గీసి, తీరిన గీత తుడిచివేసెడిది.

అవ్వ మంత్రసాని కూడ. ఆ పని తన అత్త యొద్ద నేర్చెను. కొన్నేండ్లకు మిషను ఆసుపత్రి నర్సమ్మ ఒకరు పల్లెకు వచ్చి, చేతులు సబ్బుతో కడుగవలెననియు, బొడ్డు కోయు కత్తిని, కట్టు దారమును మరుగు నీళ్లలో వేయవలెననియు చెప్పిరి. మురికి కత్తి వలననే పసిబిడ్డలు కొయ్యబారి చనిపోవుదురని కూడ చెప్పిరి. పాత పద్ధతి విడుచుట పెద్దలకు కష్టము. అవ్వ ఆ దినమే విడిచెను. ఆమె ఏడుగురిని కని నలుగురిని పెంచినది. మిగిలిన ముగ్గురును పుట్టిన పది దినములలోపల కొయ్యబారి పోయినవారే. వారి బొడ్డు కోసినది ఆమె అత్త. ఆ రాత్రి అవ్వ ఒంటరిగా దొడ్డిలో కూర్చుండి యేడ్చెనని మా చిన్నమ్మ చెప్పినది. తెల్లవారిన తరువాత అత్తను ఒక్క మాట అనలేదు. సబ్బు బిళ్ల కొనుటకు ఒక కోడిని అమ్మెను.

ఊరివారు కూడ ఆమెను పిలిచెడివారు. పగలు తమ వసారాలో అడుగు పెట్టనియ్యనివారు, రాత్రి నొప్పులు రాగానే పల్లెకు మనిషిని పరుగెత్తించెడివారు. బిడ్డ పుట్టువరకు ఆమె చేతులు కావలెను. పుట్టిన తరువాత ఆమె నిలిచిన చోట నీళ్లు చల్లెడివారు. కూలి గింజలు ఎత్తు నుండి కొంగులో పోసెడివారు. నేను కొంచెము పెద్దదాననైన తరువాత కోపముతో, “వాళ్లిండ్లకు ఎందుకు పోతావవ్వా?” అని అడిగితిని.

“వాళ్లు నీళ్లు చల్లుకునేది నేను బయటికి వచ్చినాక. లోపల నేనూ, ఆ తల్లీ, దేవుడూ. పుట్టే బిడ్డకేం తెలుసు?” అనెను. కొంతసేపటికి మెల్లగా, “నువ్వు మాత్రం కొంగు పట్టకూడదు. నువ్వు చదువుకోవాల” అనెను. ఆ అన్యాయమును ఆమె న్యాయమని ఎన్నడును తలంపలేదు. తన పని మానుట చేత కాక, తన బిడ్డను చదివించుట చేత దానికి జవాబు చెప్పవలెనని కోరెను.

ఆమెలో లోపములు లేవని తలంపకుడి. ఆమె నాలుక చురుకు. ఒక చింతచెట్టు కాయల విషయమై తోడికోడలితో ఎనిమిది నెలలు మాటలాడలేదు. ఆ ఎనిమిది నెలలును ప్రభువు బల్ల దగ్గర రొట్టె ముట్టక, వెనుక వరుసలో తల వంచుకొని కూర్చుండెడిది. పాస్టరుగారు చెప్పినను వినలేదు. ఒక శనివారము రాత్రి గంపెడు చింతకాయలు నెత్తిన పెట్టుకొని పోయి, తోడికోడలి వాకిట దించి, “నోరు నాది, తప్పు నాది” అని చెప్పి వచ్చెను. లోపలి నుండి జవాబు రాలేదు. తెల్లవారి ఆదివారము ఆరాధనలో తోడికోడలు వచ్చి ఆమె ప్రక్కన కూర్చుండెను. అంతే, మరల ఆ సంగతి ఎత్తినవారు లేరు.

మామ ఒకసారి గని నుండి అంచు విరిగిన పలక ఒకటి తెచ్చెను. పగలు బడిలో నేను నేర్చుకొన్న అక్షరములను రాత్రి దీపము దగ్గర ఆ పలక మీద అవ్వకు దిద్దించితిని. అప్పటికి ఆమెకు ఏబది యేండ్లు దాటియుండును. గొడ్డలి పట్టిన వ్రేళ్లకు బలపము చిక్కెడిది కాదు. అయినను రెండేండ్లలో లూకా సువార్తను కూడబలుకుకొని చదువగలిగెను.

1957వ సంవత్సరమున పాస్టరుగారు నన్ను మిషను బోర్డింగు స్కూలునకు పంపుమని అవ్వకు చెప్పిరి. నేను మార్కాపురం రోడ్డు స్టేషనులో మీటరుగేజి బండి యెక్కితిని. రేకుపెట్టెలో రెండు పావడలు, సజ్జరొట్టెల మూట. అవ్వ ప్లాటుఫారము మీద ఏడ్వలేదు. బండి కదలునప్పుడు, “నీళ్లు కాచి తాగు” అని మాత్రము కేక వేసెను. ఆరు సంవత్సరములు అచ్చట చదివితిని. ఆ రుసుము ఎట్లు కట్టుచున్నావని నేను ఒక్కసారియు అడుగలేదు. పిల్లలకు అట్టి ప్రశ్నలు తోచవు. పెద్దలైన తరువాతనైన తోచవలెను, నాకు అప్పుడును తోచలేదు.

తరువాత ట్రెయినింగు ముగించి, దూరపు ఊరిలో ఉపాధ్యాయినిగా చేరితిని. నెల నెలా మనియార్డరు పంపుచుంటిని. అది మామ మందులకును, తమ్ముని చదువునకును సరిపోయెడిది. నేను ఇంటిని నిలిపితినని నా మనస్సులో ఒక గర్వము పెరిగెను.

1972లో వానలు తప్పెను. మరుసటి వేసవి సెలవులకు నేను ఇంటికి వచ్చునప్పటికి గాదెలో అడుగు కనబడుచుండెను. తమ్ముడు ఒంటిపూట తినుచుండెను. ఆ సాయంకాలము అవ్వ చాట ముందర పెట్టుకొని జొన్నలు కొలువబోవుచుండగా నేను ప్రక్కన కూర్చుంటిని. ఆమె ఒక పిడికెడు తీసి దుత్తలో వేసెను. తరువాత రెండవ పిడికెడు తీసి వేరే ముంతలో వేసెను.

“ఇదేందవ్వా, రెండు?” అని అడిగితిని.

“ఒకటి దేవునిది. ఇంకోటి బాకీ” అనెను.

బాకీ అనగానే నాకు ఆ కాలువ గట్టు కథ జ్ఞాపకము వచ్చెను. నాకు కోపము ఆగలేదు. “నూరేండ్ల కిందటి గంజికి ఇంకా బాకీ ఏంది? ఇంట్లో బిడ్డ ఒంటిపూట తింటుంటే! ఈ సంఘం మనకు ఏనాడైనా ఒక పిడికెడు పెట్టిందా?” అని కేకలు వేసితిని. చేయి చాచి, ముంతను, దుత్తను రెంటిని చాటలో బోర్లించితిని.

అవ్వ నా ముఖము చూచెను. ఏదో చెప్పబోయి మానుకొనెను. నేను ఆమె చురుకు నాలుకకు సిద్ధపడియుంటిని గాని ఆమె నోరు విప్పలేదు. చాట తీసికొని వంటకు లేచెను. నేను గెలిచితినని తలంచితిని.

ఆ సెలవులంతయు రాత్రి భోజనపు వేళకు అవ్వ ఆకలి లేదనుచుండెడిది. నేను నమ్మితిని. ఆమె పాలు గింజలు ప్రతి దినము దుత్తకును ముంతకును పోవుచుండెనని తమ్మునికి తెలియును. చెప్పవద్దని అవ్వ వానితో ఒట్టు పెట్టించుకొనెను.

1986లో అవ్వ ప్రభువునందు నిద్రించెను. నేను చేరునప్పటికే ఆమె మాట పడిపోయియుండెను. నా చేయి పట్టుకొని, నా వ్రేళ్లను ఒక్కొక్కటిగా తడిమి చూచెను. సమాధి దినమున పల్లెవారితో కూడ ఊరివారును వచ్చిరి. ఆమె చేతులలోనికి పుట్టినవారు పెట్టె మోయుటకు భుజములు మార్చుకొనుచుండగా, వారిలో ఎవరు ఏ ప్రక్కవారో ఆ దినమున ఎవరును చూడలేదు.

మూడవ దినమున సమాజపు లెక్క చూచిన పెద్దమ్మ కర్ర పట్టుకొని మా ఇంటికి వచ్చెను. చంకలో పాత పలక యుండెను.

“అమ్మీ, నీకొక మాట చెప్పాల. మీ అవ్వ ఉన్నన్నాళ్లు నోరు కట్టేసింది” అని మొదలుపెట్టెను. “నీ బోర్డింగు రుసుము ఆరేండ్లూ సమాజం కట్టింది. అందరి దుత్తల గింజలూ అమ్మి కట్టినాం. మేము ఊరికే ఇస్తామంటిమి. మీ అవ్వ ఒప్పుకోలా. బాకీగా రాయమంది. కుంచానికి ఒక గీత గీసినాను, ఇదిగో ఈ పలక మీదనే. ఆదివారం ఆదివారం తెచ్చి పోసేది. కుంచం నిండినప్పుడు ఒక గీత తుడిచేది. కడపటి గీత తుడిచింది ఆ కరువు పోయిన మరుసటేడు.”

చదువరులారా, నేను ఏ ముంతను బోర్లించితినో ఇప్పుడు మీకు తెలిసినది. ఆ రెండవ పిడికెడు కాలువ గట్టు గంజిది కాదు. అది నా బాకీ. ఈ సంఘము మనకు ఏనాడైనా పిడికెడు పెట్టినదా అని నేను అడిగిన ఆ నోరు, ఆరేండ్లు ఆ సంఘపు పిడికెళ్లు తిని అక్షరములు పలికిన నోరే. ఆ పిడికెళ్ల గింజలే నేను.

“నాకెందుకు చెప్పలేదు పెద్దమ్మా?” అని అడిగితిని.

“చెబితే చదువు మానుకుని కూలికి వస్తావని భయపడింది. ఉద్యోగం వచ్చినాక చెప్పమంటి. ‘బాకీ నాది, బిడ్డది కాదు’ అనింది.”

అవ్వ చేసినది సరియా, కాదా అని నేను చాల కాలము ఆలోచించితిని. నా తల మీద భారము మోపగూడదని ఆమె తలంచెను. అది ప్రేమయే. కాని ఆ సంగతి తెలిసియుండినయెడల నేను ఆ మాట అనకపోదును, ఆమె అన్ని రాత్రులు పస్తుండకపోవును. దేవుడు నన్ను క్షమించెనని నమ్ముచున్నాను. అవ్వ ఆ సాయంకాలమే, చాట తీసికొని లేచినప్పుడే క్షమించెనని కూడ నమ్ముచున్నాను. అయినను ఆమె బ్రదికియుండగా ఆమె కాళ్ల దగ్గర కూర్చుండి, నోరు నాది, తప్పు నాది అని చెప్పు భాగ్యము నాకు లేకపోయెను. చింతకాయల గంప మోసికొనిపోయి ఆమె ఆ మాట ఎట్లు చెప్పవలెనో నాకు చూపించినది. నేను నేర్చుకొనునప్పటికి ప్రొద్దు గ్రుంకినది.

పౌలు రోమా సంఘమునకు వ్రాయుచు, తాను ఋణస్థుడనని చెప్పుకొనెను. ఎవరికి? తనకు ఎన్నడును ఏమియు ఇయ్యనివారికి, తాను ఇంకను ముఖము చూడని జనములకు. ఒకరి యొద్ద పొందినది వేరొకరికి తీర్చవలసిన బాకీ యని ఆయన ఎరుగును. అవ్వయు అట్లే ఎరుగును. మనము సేవ అనగా మనకున్నదానిలో నుండి లేనివారికిచ్చుట అనుకొందుము. అందుచేత ఇచ్చునప్పుడు మన చేయి పైననుండును, ఎత్తు నుండి కొంగులో గింజలు పోసినట్లు. బాకీ తీర్చువాని చేయి అట్లుండదు. అవ్వ ఎవరికి ఏమి చేసినను వారు ఆమెకు తక్కువవారమని తలంచలేదు. దానికి కారణము ఇదేయని నాకు ఇప్పుడు తోచుచున్నది.

నేడు మన పల్లెలలో తిరగళ్లు గోడకు చేరినవి. కాన్పులు ఆసుపత్రులలో జరుగుచున్నవి, అది మంచిదే. కపిలబాన అనగా ఏమో పిల్లలు ఎరుగరు. పనులు మారినవి గాని బాకీ మారలేదు. మీ చదువునకు, మీ ప్రాణమునకు, మీరు నేడు కూర్చుండి పాడుచున్న ఆ గుడి గోడలకు ఎవరో ఒకరు తమ చాటలో నుండి తీసిపెట్టిరి. వారిలో కొందరు ఇంకను బ్రదికియున్నారు. మీ ఇంటిలోనో, మీ సంఘపు వెనుక వరుసలోనో కూర్చుండియున్నారు. ఈ ఆదివారము ఆరాధన ముగిసిన తరువాత వారి ప్రక్కన కూర్చుండి అడుగుడి. వారు చెప్పిన పేర్లు సంఘపు పుస్తకములో వ్రాయించుడి. పలక మీది గీతలు తుడుచుకొనిపోవును.

నేను ఉద్యోగము విరమించి మరల మా పల్లెకు వచ్చితిని. ఇప్పుడు వండునది బియ్యము. వండుటకు ముందు రెండు పిడికెళ్లు తీయుచున్నాను, ఒకటి దుత్తలో, ఒకటి ముంతలో. ముంతలోనిదానికి నా పింఛనులో కొంత చేర్చి, బస్సులో హైస్కూలుకు పోవు మా పల్లె ఆడపిల్లల ఖర్చునకు ఇచ్చుచున్నాను. అవ్వ చేసినదానిలో ఒక్కటి మాత్రము నేను మార్చితిని. ఆ పిల్లలను నా ప్రక్కన కూర్చుండబెట్టుకొని, ఇది ఎవరి పిడికెడో, ఎక్కడి నుండి వచ్చినదో, కాలువ గట్టు మొదలుకొని అంతయు చెప్పుచున్నాను. మీరు నాకు తిరిగి ఇయ్యనక్కరలేదు, మీ తరువాత వచ్చు పిల్లకు ఇయ్యుడని చెప్పుచున్నాను.

నేను అన్న మాట ఆ పిల్లలలో ఎవరును అనకుందురు గాక.